గోడ మీద వేలితో కొట్టి వినండి

వానలు వెనక్కి తగ్గేలోపు జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లోని పాత ఇండ్ల లోపలి గోడల మీద ముఖచిత్ర కథనం కావాలని సంపాదకులు అడిగారు. చెక్కడపు దర్వాజలు, టేకు దూలాలు, దీపపు గూళ్లు ఫొటోలకు నిండుగా ఉంటాయని ఆయన ఆలోచన. ఫొటోలు బాగానే వచ్చాయి. నా మనసు మాత్రం ఒక చిన్న పని దగ్గర ఆగిపోయింది. పాత గిలాబు తెలిసిన మేస్త్రి తాపీ ముట్టకముందు గోడకు పెట్టే పరీక్ష అది.

మధ్యవేలు మడిచి, కణుపుతో గోడను కొడతాడు. జానెడు జరిగి మళ్లీ కొడతాడు. కొన్నిచోట్ల పొట్టిగా, గట్టిగా ‘టక్’ మంటుంది. అక్కడ గిలాబు గోడను విడవలేదు. ఇంకొన్నిచోట్ల ‘డబ్’ మని బోలుగా మోగుతుంది. పైకి నున్నగా ఉన్నా లోపల గిలాబుకూ ఇటుకకూ మధ్య సందు పడిందన్నమాట. డొల్ల ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో బొగ్గుముక్కతో గీత గీస్తాడు. అర్ర చుట్టూ తిరిగి వచ్చేసరికి జబ్బు ఎంత మేర ఉందో, ఎక్కడి నుంచి వచ్చిందో ఆ గీతలే చెబుతాయి.

డొల్ల నేల నుంచి రెండు మూడు అడుగుల దాకా పట్టీలా పరుచుకుందా, చెమ్మ పునాది నుంచి పైకెక్కుతున్నది. కప్పు కింద మూలన ఉందా, పెంకు జారింది, లేదా మిద్దె మీద తూము పూడింది. గోడ నడుమ ఒక్కచోటే ఉందా, అవతలి స్నానాల గది గొట్టాన్ని చూడాలి. దూలం ఆనిన చోటు నుంచి నిలువుగా పగులు దిగి రోజురోజుకూ వెడల్పవుతుంటే అది గిలాబు జబ్బు కాదు, బరువు జబ్బు. దానికి ముందు ఇంజినీరును పిలవాలి.

ఈ పరీక్ష అంటే నాకు ఇంత గౌరవం ఎందుకంటే, గోడలో మంచి ఎంత మిగిలిందో అది చూపిస్తుంది. ఎన్నో ఇండ్లలో డొల్ల పడ్డది నాలుగో వంతు కూడా ఉండదు. అయినా మొత్తం గీకేసి సిమెంటు పూద్దామన్న సలహాయే ముందుగా వస్తుంది. ఆ సలహాను నేను నమ్మను.

కారణం గోడలోనే ఉంది. ఈ ప్రాంతపు పాత గోడల్లో ఎక్కువ భాగం మట్టి అడుసుతో పేర్చిన ఇటుక, రాయి. వాటి మీద డంగు సున్నపు గిలాబు. చెమ్మ లోపలికి వస్తుంది, సున్నపు సన్నటి రంధ్రాల్లోంచి ఆరిపోతుంది. సిమెంటు పూస్తే ఆ దారి మూసుకుపోతుంది. నీళ్లు లోపలే నిలుస్తాయి, పూత లేనిచోటు వెతుక్కుంటూ ఇంకా పైకి పాకుతాయి. వాటితో వచ్చిన లవణాలు పూత వెనక గట్టిపడి స్ఫటికాలై ఉబ్బుతాయి. మనం చౌడు పట్టిందనేది దీన్నే. కొన్నేండ్లకు సిమెంటు పలకలు పలకలుగా ఊడుతుంది, పోతూ పోతూ కింది ఇటుక ముఖాన్ని కూడా లాక్కుపోతుంది. దాని మీద పుట్టి, ప్లాస్టిక్ పెయింటు వేయడం ఇంకో మూత పెట్టడమే. హైదరాబాద్‌ కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర ఆగాఖాన్ ట్రస్ట్ 2013లో మొదలుపెట్టిన పనిలో పెద్ద భాగం ఇదే: గత శతాబ్దంలో పూసిన సిమెంటును చేత్తో ఒలిచి తీసి, మళ్లీ సున్నం పూయడం.

ఇంటి గోడకు చేయాల్సింది అదే పని, చిన్న కొలతలో. ముందు నీళ్లు వచ్చే దారి ఆపాలి. అది ఆగకుండా గిలాబు ముట్టుకోవద్దు. తర్వాత బొగ్గు గీత లోపలి డొల్లను మాత్రమే తీయాలి. సుత్తి దెబ్బల అదురుకు పక్కన ఉన్న మంచి గిలాబు కూడా వదిలేస్తుంది కాబట్టి సన్నటి ఉలితో, నెమ్మదిగా తీయాలి. అంచును లోపలికి కొంచెం వాలుగా కోస్తే కొత్త గిలాబు పాతదాని కిందికి చొచ్చుకుని పట్టు దొరుకుతుంది. ఇటుకల సందుల్లోని వదులు మట్టిని అర అంగుళం లోతు దాకా గీకి, దుమ్మంతా దులిపి, గోడను తడపాలి. పొడి గోడ గిలాబులోని నీళ్లన్నీ ఒక్క గుక్కలో పీల్చేస్తుంది.

అడుసు సంగతికొస్తే, ఒక పాలు సున్నానికి రెండు మూడు పాళ్ల ఇసుక. చెమ్మ ఉన్నచోట ఇసుకలో కొంత తగ్గించి సుర్కీ, అంటే మెత్తగా దంచిన ఇటుక పొడి కలపాలి. సుర్కీ లేని సున్నం గాలి తగిలితేనే గట్టిపడుతుంది, సుర్కీ కలిస్తే తడిలోనూ బిగుస్తుంది. నానబెట్టిన కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు పోసే పద్ధతి మన దగ్గర పాతదే. బెల్లం ఉంటే తక్కువ నీళ్లతోనే అడుసు సాగుతుంది. పగుళ్లు పట్టకుండా గోగునారను సన్నగా కత్తిరించి కలపవచ్చు. ఒక్కో పొర అర అంగుళానికి మించొద్దు. మొదటి పొరను విసిరికొట్టి, గరుకుగా గీతలు పెట్టి, అది బిగిశాకే రెండోది. తడి గోనెపట్టాలు కప్పి కనీసం వారం పది రోజులు చెమ్మగా ఉంచాలి. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును తీసుకుని మళ్లీ రాయిగా మారుతుంది. ఆ మార్పు లోతుకు దిగడానికి నెలలు పడుతుంది. తొందరపడి రంగు పూస్తే పని చెడుతుంది. పూసేది కూడా సున్నమే అయితే మేలు.

ఊరు మారితే గోడ కష్టం మారుతుంది. సిరిసిల్లలో ఇంట్లోనే సాంచాలు, అంటే మరమగ్గాలు నడుస్తుంటే గోడ పొద్దంతా అదురుతూనే ఉంటుంది. సిమెంటు గట్టిదే కానీ పెళుసు, చిన్న కదలికకే పగులుతుంది. సున్నం కొంత ఓర్చుకుంటుంది. వెంట్రుకవాసి పగుళ్లలో నీటితో కరిగిన సున్నం మళ్లీ పేరుకుని వాటిని పూడ్చడమూ ఉంది. 2021 సెప్టెంబరులో ఊరి వీధులు మునిగినప్పుడు తడిసిన గోడల్లాంటి వాటికి ముందు గాలి, సమయం కావాలి. గిలాబు ఆ తర్వాతి మాట. కోరుట్ల వైపు గల్ఫ్‌కు పోయినవాళ్ల ఇండ్లకు తాళాలే శత్రువు. కిటికీ తెరిచేవాళ్లు లేరు, తూము శుభ్రం చేసేవాళ్లు లేరు. పక్కింటివాళ్లకు తాళంచెవి ఇచ్చి వెళ్లడం ఏ పూతకన్నా మంచి రక్ష.

చరిత్ర క్లుప్తంగా: జగిత్యాలలో నక్షత్రాకారపు ఖిల్లా కట్టింది 1747లో అంటారు. అప్పటి నుంచి మొన్నమొన్నటిదాకా ఇక్కడ గోడ అంటే మట్టి, సున్నమే. 1969లో ఇదే పాత కరీంనగర్ జిల్లాలోని బసంత్‌నగర్‌లో కేశోరాం సిమెంటు కర్మాగారం మొదలైంది. దేశంలో సిమెంటు మీద నియంత్రణ 1982లో కొంత సడలి, 1989లో పూర్తిగా పోయింది. గల్ఫ్ డబ్బు వచ్చిన కాలమూ అదే. సున్నపు గానుగలు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి.

పక్క జిల్లాలో పాఠశాల
డంగు సున్నం పని ఎలా ఉంటుందో కళ్లారా చూడాలంటే దూరం పోనక్కరలేదు. సిరిసిల్లకు పక్కనే కామారెడ్డి జిల్లాలో దోమకొండ గడి ఉంది. దాని పునరుద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పరిరక్షణ పురస్కారాల్లో మెరిట్ దక్కింది. ఇంటి పనికి మేస్త్రిని మాట్లాడుకునేముందు ఒకసారి అక్కడికి వెళ్లి గోడలు చూసి రండి.

సున్నం దగ్గర భద్రం
కాల్చిన సున్నపు గడ్డల మీద నీళ్లు పడగానే అవి కుతకుతలాడుతూ ఉడికి చిందుతాయి. కంట్లో పడితే చూపు పోవచ్చు. కళ్లద్దాలు, చేతికి తొడుగులు తప్పనిసరి. పిల్లల్ని ఆ దరిదాపులకు రానీయొద్దు. కంట్లో పడితే వెంటనే ధారగా నీళ్లతో కడుగుతూనే ఉండి, ఆసుపత్రికి తీసుకుపోవాలి.

ఎప్పుడు మొదలుపెట్టాలి?
వానలు పోయాక గోడకు నెలన్నర ఆరేందుకు వదిలి, కార్తీకం దాటాక పని పెట్టుకోవచ్చు. ఎండలు ముదిరితే పొర పైపైన ఎండి లోపల పచ్చిగానే ఉండిపోతుంది, కాబట్టి చివరి పొర శివరాత్రికి ముందే పడేటట్టు చూసుకోండి. డొల్ల పరీక్షకు మాత్రం ముహూర్తం అక్కరలేదు, ఈ ఆదివారమే చేయొచ్చు.