నా వంతు ఎప్పుడో నాకు తెలుసమ్మా

ఆదివారం సాయంత్రం ఆరయ్యేసరికి మా భోజనాల బల్ల మీద తుండుగుడ్డ పరుస్తాం. పాచిక చెక్క మీద పడితే వచ్చే టకటక చప్పుడు మా పెద్దాడి చెవులకు పడదు. వాడికి 15 ఏళ్లు, ఆటిజం ఉంది. చెల్లికి 13, ఏడీహెచ్‌డీ. అది నిలబడే ఆడుతుంది, లేదా కుర్చీ చుట్టూ తిరుగుతూ. ఈ బల్ల దగ్గర కుదురుగా కూర్చోమని ఎవరూ అనరు.

మేం ఆడేది డంజన్స్ అండ్ డ్రాగన్స్. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించిన ఈ ఆట 1974లో అమెరికాలో వెయ్యి ప్రతులతో మొదలైంది. ఒకరు కథ నడుపుతారు, ఆయనే డంజన్ మాస్టర్. మిగతావాళ్లది తలో పాత్ర. ‘గుహలోంచి పొగ వస్తోంది, ఏం చేస్తారు?’ అంటే ఎవరేం చేస్తారో చెప్పాలి. కుదిరిందో లేదో 20 ముఖాల పాచిక తేలుస్తుంది. ‘పాతాళభైరవి’ని కంఠతా పట్టిన ఇంట్లో దీన్ని విడమర్చి చెప్పాల్సిన పని పడలేదు. మా మామగారు మొదటి వారమే మాంత్రికుడి పాత్ర అడిగి తీసుకున్నారు.

నేనైతే దీన్నీ ఒక థెరపీ అనుకునే మొదలుపెట్టాను. పెద్దాడు నలుగురిలో కలుస్తాడన్న ఆశతో అప్పటికే ఎక్కని గడప లేదు. మూడో వారం అనుకుంటా, కథలో యుద్ధం వచ్చింది. యుద్ధానికి ముందు అందరూ పాచిక వేస్తారు. పెద్ద అంకె పడ్డవాళ్లది మొదటి వంతు. ఆ వరుసను కాగితం మీద రాసి పెడతాం. వాడు ఆ కాగితం మీద వేలు పెట్టి, “ఇక్కడైతే నా వంతు ఎప్పుడో నాకు తెలుసమ్మా” అన్నాడు.

పెళ్లిళ్లలో వాడు గోడవారగా నిలబడిపోతే మాటలు రావడం లేదనుకునేదాన్ని. మాటలున్నాయి. ఎప్పుడు మాట అందుకోవాలో మేమెవరం వాడికి చెప్పలేదు. చెప్పాల్సిన విషయమని మాకే తోచలేదు. తానూ ఆటిజం ఉన్న బ్రిటన్ పరిశోధకుడు డామియన్ మిల్టన్ 2012లో దీనికి ‘డబుల్ ఎంపతీ ప్రాబ్లమ్’ అని పేరు పెట్టారు. అర్థం కాకపోవడం రెండు వైపులా ఉంటుందనీ, లోపమంతా ఆటిజం ఉన్నవాళ్లదే అనడం సరికాదనీ ఆయన వాదన. చదివినప్పుడు తలూపాను. బల్ల దగ్గర కూర్చున్నాకే ఒంటబట్టింది.

అన్నీ సాఫీగా సాగలేదు. ఒకసారి వాడికి 1 పడింది, వాడి వీరుడు చచ్చిపోయాడు. వాడు బల్ల కింద దూరి చెవులు మూసుకున్నాడు. “ఆటే కదరా” అన్నాను. అనకుండా ఉండాల్సింది. మూడు నెలలుగా వాడు రోజూ తలుచుకుంటున్న నేస్తం పోయాడు మరి. ఆ తర్వాతే కొత్త కథకు ముందు అందరం కూర్చుని ఏం ఉండాలో, ఏం ఉండకూడదో రాసుకోవడం అలవాటు చేసుకున్నాం. ఈ ఆటగాళ్లు దాన్ని ‘సెషన్ జీరో’ అంటారు. మా కాగితంలో కుక్కపిల్లలు చావకూడదని ఉంది. పసుపు కార్డు ఎత్తితే ఆట ఆపాలి, ఎందుకని అడగకూడదు.

కంప్యూటర్ ఆటల్లోనూ ఇలాంటి చోట్లు కట్టినవాళ్లున్నారు. ఆటిజం ఉన్న పిల్లల్ని ఆన్‌లైన్‌లో తోటివాళ్లు ఏడిపిస్తున్నారని తెలిసి, కెనడాకు చెందిన స్టువర్ట్ డంకన్ 2013లో వాళ్ల కోసం, వాళ్ల కుటుంబాల కోసం మైన్‌క్రాఫ్ట్‌లో ‘ఆట్‌క్రాఫ్ట్’ పెట్టారు. మాకు మాత్రం బల్ల, పాచికలు, నెట్‌లో ఉచితంగా దొరికే ప్రాథమిక నియమాలు సరిపోయాయి.

ఇప్పుడు కథ నడిపేది పెద్దాడే. గ్రాఫు కాగితం మీద కోట గీశాడు, కాపలావాళ్లు ఏ వేళకు అన్నం తింటారో కూడా రాసుకున్నాడు. మొన్న ఆదివారం నది ఒడ్డున మొసలి ఎదురైంది. చెల్లి ఆలోచిస్తోంది. ఆలస్యమవుతోందని నేను మధ్యలో అందుకోబోయాను.

“అమ్మా, నీ వంతు ఇంకా రాలేదు. చెల్లిది” అన్నాడు.

అది కుర్చీ చుట్టూ రెండు చుట్లు తిరిగింది. తాతయ్య కూడా తొందరపెట్టలేదు. తుండుగుడ్డ మీద పాచిక మెత్తగా పడింది. 17.