మన తగాదాలు తీర్చే కోర్టులు: న్యూజెర్సీ రాజ్యాంగం ఏమంటోంది?

ఈ దేశానికి వచ్చిన మనవాళ్ళకు మొదట తెలిసేది వీసా కాగితాల గొడవ. అది వాషింగ్టన్ ప్రభుత్వం సంగతి. కాని ఇంటి కొనుగోలులో వచ్చే పేచీ, విడాకులు, పిల్లల సంరక్షణ, వీలునామా, ట్రాఫిక్ టికెట్టు, ఇవన్నీ తేల్చేవి రాష్ట్ర కోర్టులే. మన ఆంధ్రప్రదేశ్‌కు గాని, తెలంగాణకు గాని విడిగా రాజ్యాంగం లేదు. ఇక్కడ ప్రతి రాష్ట్రానికీ ఒకటుంది. మనవాళ్ళు ఎక్కువగా స్థిరపడిన న్యూజెర్సీ సంగతి ఈసారి చూద్దాం.

1844 నాటి పాత రాజ్యాంగం కింద అన్నిటికంటె పై కోర్టులో 16 మంది కూర్చునేవారు. అందులో ఆరుగురు లాయర్లు కానక్కరలేదు. నష్టపరిహారానికి ఒక కోర్టు, ఒప్పందం అమలు జరిపించడానికి చాన్సరీ అనే మరో కోర్టు. ఒకే తగాదాకు రెండు గుమ్మాలు ఎక్కవలసి వచ్చేది. 1947 వేసవిలో రట్గర్స్ విశ్వవిద్యాలయంలో ప్రతినిధులు సమావేశమై కొత్త రాజ్యాంగం రాశారు. ఆ నవంబరులో ప్రజలు ఓటు వేసి ఆమోదించారు.

అందులో ఆరవ అధికరణం కోర్టులది. పైన సుప్రీం కోర్టు: ఒక ప్రధాన న్యాయమూర్తి, ఆరుగురు సహ న్యాయమూర్తులు. దాని కింద సుపీరియర్ కోర్టు: లా, చాన్సరీ, అప్పీలు విభాగాలు. లా, చాన్సరీలలో దేనికి వెళ్ళినా తగాదా మొత్తం అక్కడే తేల్చవచ్చు. మునిసిపల్ కోర్టులు మాత్రం శాసనసభ చేసిన చట్టంతో ఏర్పడినవి.

డెలావేరు నది దాటి పెన్సిల్వేనియాకు వెళితే జడ్జీలు ఎన్నికల్లో నిలబడతారు. ఇక్కడ అలా కాదు. సుప్రీం, సుపీరియర్ కోర్టుల జడ్జీలను గవర్నరు నియమిస్తాడు, రాష్ట్ర సెనేటు ఆమోదించాలి. పేరు ప్రతిపాదించడానికి ముందు ఏడు రోజుల బహిరంగ నోటీసు ఇవ్వాలి. అభ్యర్థి లాయరుగా కనీసం పదేళ్ళ నాటివాడై ఉండాలి. మొదటి నియామకం ఏడేళ్ళకు. మళ్ళీ నియమిస్తే 70 ఏళ్ళు నిండేవరకు కదిలించడం తేలిక కాదు. మన దేశంలో హైకోర్టు జడ్జీలు 62కే దిగిపోతారు.

చిక్కల్లా ఆ ఏడేళ్ళ గడువుతోనే. తీర్పు నచ్చని గవర్నరు జడ్జీని మళ్ళీ నియమించకపోతే? 2010లో గవర్నరు క్రిస్టీ, సుప్రీం కోర్టు న్యాయమూర్తి జాన్ వాలెస్‌ను తిరిగి నియమించలేదు. 1947 తరవాత సుప్రీం కోర్టులో అలా జరగడం అదే మొదలు. కోర్టు స్వాతంత్ర్యానికి దెబ్బ అని కొందరు, గవర్నరుకు రాజ్యాంగమే ఇచ్చిన హక్కు అని కొందరు వాదించారు. ఇది గాక, జడ్జీ సొంత కౌంటీ సెనేటరు ఒప్పుకోకపోతే నియామకం ఆగిపోయే ఆనవాయితీ ఒకటుంది. అది రాజ్యాంగంలో ఎక్కడా లేదు.

ఇందులో మన పాత్ర ఏమిటి? జడ్జీలకు మనం ఓటు వెయ్యం. కాని వారిని ఎంచే గవర్నరుకు, సెనేటరుకు వేస్తాం. వీలునామాలు చూసే కౌంటీ సరొగేటును కూడా ప్రజలే ఎన్నుకుంటారు. గవర్నరు ఎన్నిక ప్రెసిడెంటు ఎన్నిక సంవత్సరంలో రాదు. 2025లో జరిగింది, మళ్ళీ 2029లో వస్తుంది. పౌరసత్వం తీసుకున్నవాళ్ళం ఆ ఏడు ఇంట్లో కూర్చుంటే, రేపు మన పిల్లల తగాదా వినే జడ్జీని ఇతరులే ఎంచుతారు. జ్యూరీకి పిలుపు వస్తే తప్పించుకునే దారి వెతక్కుండా వెళ్ళి కూర్చుందాం.