ఉట్‌హాఫ్ ప్రభావం

వేణ్నీళ్ల స్నానం చేసి వచ్చేసరికి చూపు మసకబారుతుంది. ఎండలో నాలుగడుగులు వేస్తే కాళ్లు తేలిపోతాయి. ఒళ్లు చల్లబడగానే అంతా మామూలే! మల్టిపుల్ స్క్లెరోసిస్, అంటే ఎంఎస్ ఉన్నవారిలో కనిపించే ఈ తీరును 1890లో జర్మన్ కంటివైద్యుడు విల్‌హెల్మ్ ఉట్‌హాఫ్ గుర్తించారు. ఆయన పేరే దానికి స్థిరపడింది.

ఎంఎస్‌లో రోగనిరోధక వ్యవస్థ పొరబడి నరాల మీది మైలిన్ తొడుగును దెబ్బతీస్తుంది. తొడుగు ఊడిన ఆ నరాల్లో, ఒంటి వేడి అర డిగ్రీ పెరిగినా సంకేతాలు తడబడతాయి.

మెనోపాజ్ గురించి మాట్లాడేటప్పుడూ ఉట్‌హాఫ్ ప్రభావం అన్న మాట వినిపిస్తోంది. ఎంఎస్ పురుషులకన్నా స్త్రీలలో రెండు మూడు రెట్లు ఎక్కువ. చాలామందికి 20-40 ఏళ్ల మధ్యే బయటపడుతుంది కాబట్టి, ఆ జబ్బుతోనే నెలసరి ఆగే వయసుకు చేరతారు. అప్పుడు ఒంట్లోంచి ఆవిర్లు లేచినప్పుడల్లా పాత లక్షణాలు పైకి తేలవచ్చు. అలసట, మతిమరుపు, నిద్రలేమి, మూత్రం ఆపుకోలేకపోవడం మెనోపాజ్‌లోనూ ఉంటాయి, ఎంఎస్‌లోనూ ఉంటాయి. ఏది దేనివల్లో తేల్చడం డాక్టర్లకూ కష్టమే.

ఉట్‌హాఫ్ ప్రభావం తాత్కాలికం. నరాలకు కొత్తగా దెబ్బ తగిలినట్టు కాదు. జ్వరం, ఇన్ఫెక్షన్ లేకుండా కొత్త లక్షణం 24 గంటలు దాటినా తగ్గకపోతే మాత్రం జబ్బు తిరగబెట్టిందేమో చూడాలి.

చల్లటి నీళ్లు, ఫ్యాను గాలి, పల్చని నూలు బట్టలు, కూలింగ్ వెస్ట్ ఉపశమనమిస్తాయి. ఆవిర్లు మరీ వేధిస్తే హార్మోన్ చికిత్స ఉంది. అది ఎవరికి తగునో గైనకాలజిస్టు, న్యూరాలజిస్టు కలిసి నిర్ణయిస్తారు.