పండక్కి పరిమళం... నాలుగు చుక్కలు చాలు!

క్రిస్మస్ నుంచి సంక్రాంతి దాకా ఊరెళ్లే కుర్రకారు బ్యాగుల్లో కొత్త బట్టలతో పాటు ఇప్పుడు డిఫ్యూజర్లు, చిన్న చిన్న నూనె సీసాలూ ఉంటున్నాయి. ఇల్లంతా ఘుమఘుమలాడాలంటే ఏది కొనాలి? ఎలా వాడాలి? ఆ సీసా వెనకున్న చదువులేంటి, ఉపాధేంటి?

డిసెంబరు, జనవరి నెలల్లో మన పశ్చిమ ప్రకాశం ఇళ్లకు ఓ ప్రత్యేకమైన వాసన ఉంటుంది. పండక్కి వేయించిన కొత్త సున్నం, అరిసెలు కాల్చిన నూనె, ట్రంకు పెట్టెలోంచి తీసిన దుప్పట్లలో నాఫ్తలీన్ ఉండలు... అన్నీ కలిసిపోతాయి. నల్లమల పక్కనే కదా, యర్రగొండపాలెంలో పొద్దు గూకితే చలి మొదలు. తలుపులు, కిటికీలు బిగించేస్తారు. లోపలి వాసన లోపలే! హైదరాబాద్, బెంగళూరుల నుంచి వచ్చిన పిల్లలకు ఆ తేడా గుమ్మంలోనే తెలిసిపోతుంది. వెంటనే ఫోన్ తీసి ఓ డిఫ్యూజర్, ఓ లావెండర్ సీసా ఆర్డర్ పెట్టేస్తారు.

అందులో తప్పేం లేదు. కాకపోతే అదే గదిలో ఆయాసంతో ఉన్న నాయనమ్మ పడుకుంటుంది. అక్క కూతురు పాకుతూ తిరుగుతుంటుంది. గాల్లోకి మనం వదిలేది వాళ్లూ పీలుస్తారు. కాబట్టి బటన్ నొక్కేముందు కొన్ని సంగతులు తెలుసుకుందాం.

‘ఎసెన్షియల్’ అంటే అత్యవసరం కాదు

పేరు చూసి చాలామంది పొరపడతారు. ఇక్కడ ఎసెన్షియల్ అంటే సారం. మొక్కకు వాసననిచ్చే సారాన్ని ఆవిరి పట్టి తీస్తారు. ఇడ్లీ పాత్ర మూత తీస్తే లోపలి వైపు నీటి చుక్కలు కనిపిస్తాయి కదా, సూత్రం అదే. ఆకుల మీదుగా ఆవిరి పంపితే అది వాసనను వెంటబెట్టుకుని వస్తుంది. చల్లబడగానే నీళ్లు కిందికి, నూనె పైకి తేలుతాయి. బత్తాయి తొక్కను గిల్లితే చివ్వున చిమ్మేదీ ఇలాంటి నూనే. తొక్కల నుంచి మాత్రం దాన్ని ఎక్కువగా పిండి తీస్తారు.

మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్న నీలగిరి తైలం ఈ కోవదే. నీలగిరి కొండల్లో పెరిగే యూకలిప్టస్ ఆకుల నుంచి తీస్తారు కాబట్టి ఆ పేరు. కాగితం మిల్లుల కోసం మన రైతులు వేసే జామాయిల్ కూడా ఆ కుటుంబమే.

సీసా మీద ఏం చదవాలి?

‘ఫ్రాగ్రెన్స్ ఆయిల్’, ‘అరోమా ఆయిల్’ అని ఉంటే అది చాలావరకు ల్యాబులో తయారైన సువాసన. అది పనికిరాదని కాదు, కానీ ఎసెన్షియల్ ఆయిల్ ధర పెట్టి దాన్ని కొనకూడదు. అసలైన సీసా మీద మొక్క శాస్త్రీయ నామం, ఏ భాగం నుంచి తీశారు, బ్యాచ్ నంబరు ఉంటాయి. నిమ్మగడ్డి నూనె అయితే ‘సింబోపోగాన్’ అనే మాట కనిపించాలి.

నేను చదివింది ఇంజినీరింగ్. గ్రాఫు చూస్తే గానీ నమ్మబుద్ధి కాదు! మంచి కంపెనీలు బ్యాచ్ వారీగా జీసీ-ఎంఎస్ రిపోర్టు ఇస్తాయి. నూనెలో ఏ పదార్థం ఎంత శాతం ఉందో చెప్పే పరీక్ష అది. నిమ్మగడ్డి నూనెలో సిట్రాల్ సాధారణంగా 70 నుంచి 80 శాతం ఉంటుంది. రిపోర్టు లేకపోతే ఇంట్లోనే చిన్న పరీక్ష చేయొచ్చు. తెల్ల కాగితం మీద ఓ చుక్క వేసి ఒక రోజు వదిలేయండి. జిడ్డు మరక అలాగే ఉండిపోతే వంటనూనెలాంటిది కలిపి ఉండొచ్చు. వట్టివేరు, గంధం నూనెలు మాత్రం సహజంగానే చిక్కన, వాటికి ఈ పరీక్ష పనికిరాదు.

డిఫ్యూజర్‌కి మన బోరు నీళ్లు పడవు

ఇప్పుడు ఎక్కువగా అమ్ముడయ్యేవి అల్ట్రాసోనిక్ డిఫ్యూజర్లు. అడుగున ఉండే చిన్న బిళ్ల సెకనుకు దాదాపు 17 లక్షల నుంచి 24 లక్షల సార్లు కంపించి నీటిని మంచులా చిమ్ముతుంది. వేడి ఉండదు, కరెంటు ఖర్చూ తక్కువే. అయితే ఇది నీళ్లలో ఉన్నదాన్నంతా గాల్లోకి పంపేస్తుంది. మన వైపు బోరు నీళ్లలో లవణాలు ఎక్కువ. ఆ నీళ్లు పోస్తే టీవీ మీద, బల్ల మీద తెల్లటి దుమ్ము పేరుకుంటుంది. అదే దుమ్మును మనమూ పీలుస్తాం. బిళ్ల మీద గార పట్టి మిషన్ కూడా తొందరగా పాడవుతుంది. కాబట్టి తాగడానికి తెచ్చుకునే ఆర్‌ఓ నీళ్లే పోయండి. వాడాక మిగిలిన నీళ్లు పారబోసి పొడిగా తుడిచేయండి.

ఎంత? ఎక్కడ? ఎవరి దగ్గర వద్దు?

100 మిల్లీలీటర్ల నీటికి మూడు నాలుగు చుక్కలు చాలు. అరగంట నడిపి ఆపేయండి. ముక్కు కొద్దిసేపటికే ఆ వాసనకు అలవాటు పడిపోతుంది. వాసన తగ్గిందనుకుని ఇంకా చుక్కలు వేస్తూ పోతే తలనొప్పే మిగులుతుంది. గది తలుపు ఓరగా తీసి ఉంచండి. ఇంకో మాట... సువాసన ఇంటిని శుభ్రం చేయదు. ముందు మధ్యాహ్నం ఎండలో కిటికీలు తెరవండి, దుప్పట్లు ఆరేయండి. ఆ తర్వాతే డిఫ్యూజర్.

ఇంట్లో ఉబ్బసం, ఫిట్స్ ఉన్నవాళ్లు, గర్భిణులు, పసిపిల్లలు ఉంటే డాక్టర్‌ను అడగకుండా మొదలుపెట్టొద్దు. నీలగిరి తైలం, కర్పూరం ఉన్న మందులకూ ఫిట్స్‌కూ ఉన్న సంబంధాన్ని బెంగళూరు న్యూరాలజిస్టులు వైద్య పత్రికల్లో ప్రచురించారు. పిల్లిని పెంచుతుంటే టీ ట్రీ లాంటి నూనెలు అసలే వద్దు. దాని కాలేయం వాటిని సరిగా విడగొట్టలేదు.

సీసాలు పిల్లలకు అందనంత ఎత్తులో పెట్టండి. పొరపాటున ఎవరైనా తాగితే వాంతి చేయించొద్దు. సీసాతో సహా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. దీపపు కుందిలోనో, మండే కొవ్వొత్తిలోనో ఈ నూనె పోయడం ప్రమాదం. నీలగిరి, నారింజ నూనెల ఆవిరి 50 డిగ్రీల చుట్టుపక్కలే అంటుకోగలదు.

మరి సాంబ్రాణి సంగతేంటి?

క్రిస్మస్ కథలో జ్ఞానులు తెచ్చిన కానుకల్లో బంగారం, బోళంతో పాటు ఉన్నది సాంబ్రాణే. సంక్రాంతికి మన ఇళ్లలో వేసేదీ సాంబ్రాణే. ఆన్‌లైన్‌లో ‘ఫ్రాంకిన్సెన్స్’ అని ఖరీదుగా అమ్మే నూనెను బాస్వెల్లియా చెట్ల బంక నుంచి తీస్తారు. ఆ జాతిదే అయిన అందుగు చెట్టు నల్లమలలోనే పెరుగుతుంది! అయితే పులుల అభయారణ్యంలోకి వెళ్లి చెట్టుకు గాటు పెట్టడం మన పని కాదు. అడవి ఫలసాయంపై హక్కు అక్కడి చెంచులది. వాళ్లు సేకరించే తపసి బంక లాంటివాటిని గిరిజన సహకార సంస్థ కొంటుంది.

కప్పు సాంబ్రాణి, కంప్యూటర్ సాంబ్రాణి ఏదైనా మండితే పొగ వస్తుంది. బిగించిన గదిలో ఆ పొగ ఆయాసం ఉన్నవాళ్లకు పడదు. వేసుకోవాలనిపిస్తే వరండాలో, తలుపులు తెరిచి వేయండి.

మిషనే అక్కర్లేదు

డబ్బు పెట్టకుండానూ ఇల్లు పరిమళిస్తుంది. గిన్నెలో నీళ్లు పోసి బత్తాయి తొక్కలు, అంగుళం దాల్చిన చెక్క, నాలుగు లవంగాలు వేసి సన్నని మంట మీద పావుగంట మరిగించండి. నీళ్లు ఇంకిపోకుండా దగ్గరుండి చూసుకోండి. పెరట్లో నిమ్మగడ్డి దుబ్బు ఒకటి ఉంటే రెండు ఆకులు తుంచి అందులో వేయొచ్చు, టీలోనూ వేయొచ్చు.

వాసనలోనూ కెరీర్ ఉంది

ఒక చిన్న లెక్క చూడండి. 100 కిలోల పచ్చి నిమ్మగడ్డి నుంచి అటూఇటుగా అర కిలో నూనె వస్తుంది. అంటే 10 ఎంఎల్ సీసాలు 50కి పైనే. రైతు నూనెను కిలోల్లో అమ్ముతాడు, బ్రాండు చుక్కల్లో అమ్ముతుంది. లాభంలో పెద్ద వాటా ఎటు పోతోందో చెప్పక్కర్లేదు. వై.పాలెం, మార్కాపురం, గిద్దలూరు కుర్రాళ్లు ఆలోచించాల్సింది ఆ మధ్య దూరం గురించే.

నిమ్మగడ్డి, పామరోజా ఒకసారి నాటితే నాలుగైదేళ్లు కోతకొస్తాయి, నీటి ఎద్దడిని కొంత తట్టుకుంటాయి. అలాగని రేపే ఎకరాల్లో వేసేయొద్దు. దగ్గర్లో డిస్టిలేషన్ యూనిట్ లేకపోతే గడ్డి రవాణా ఖర్చే మింగేస్తుంది. కొనేవాళ్లెవరో ముందే తేల్చుకోవాలి. పది మంది రైతులు కలిసి ఒక యూనిట్ పెట్టుకుంటే లెక్క కుదరొచ్చు. నూనె తీశాక మిగిలిన గడ్డిని ఎండబెట్టి ఆ యూనిట్‌కే వంటచెరకుగా వాడతారు.

నేర్చుకునే చోట్లూ ఉన్నాయి. సీఎస్‌ఐఆర్ వారి సీమ్యాప్ ప్రధాన కేంద్రం లఖ్‌నవూలో, మనకు దగ్గరి కేంద్రం హైదరాబాద్ బోడుప్పల్‌లో ఉన్నాయి. సాగు నుంచి నూనె తీయడం దాకా శిక్షణ ఇస్తారు. జమ్మూలోని భద్రవాలో రైతులను లావెండర్ వైపు నడిపించిన అరోమా మిషన్ కూడా సీఎస్‌ఐఆర్‌దే. అత్తర్ల ఊరు కన్నౌజ్‌లో 1991లో పెట్టిన ఎఫ్ఎఫ్‌డీసీ స్వల్పకాలిక కోర్సులు నడుపుతుంది. ముంబయి వాజే కాలేజీలో పెర్ఫ్యూమరీ, కాస్మెటిక్స్ పీజీ డిప్లొమా ఉంది. కెమిస్ట్రీ డిగ్రీ, కెమికల్ ఇంజినీరింగ్ చదివినవాళ్లకు నాణ్యత పరీక్షల ల్యాబుల్లో, సబ్బులు, అగరుబత్తుల కంపెనీల్లో అవకాశాలుంటాయి.

సొంత బ్రాండు పెట్టాలనుకునేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. ‘ఈ నూనెతో ఫలానా జబ్బు తగ్గుతుంది’ అని లేబుల్ మీద రాస్తే మందుల చట్టాల పరిధిలోకి వెళ్లిపోతారు. వాసన గురించే చెప్పండి, చాలు.

ఈ సెలవుల్లో మీరు ఏ సీసా తెచ్చినా ముందు లేబుల్ చదవండి. తర్వాత ఇంట్లో పెద్దవాళ్లను ‘ఈ వాసన పడుతుందా?’ అని అడగండి. పడకపోతే సీసా మూత బిగించేసి, కిటికీ తెరవండి. పండగ గాలి ఎలాగూ బాగుంటుంది!