ఉప్పుగాలి సీమలో సైకిలు

కృష్ణా డెల్టా దిగువన గుడివాడ నుంచి బందరు మీదుగా, అటుపైన చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డల మీదుగా హంసలదీవి వరకు సాగే నేలలో సైకిలు తొక్కేవారికి ఎక్కవలసిన మిట్టలు దాదాపు లేవు. సముద్రమట్టానికి కొద్ది మీటర్ల ఎత్తులోనే ఉన్న ఈ పల్లపు భూమిలో కాలువ వంతెనల ఎగుడు, కరకట్ట ఎక్కే వాలు తప్ప కాలికి శ్రమ పెట్టే ఏటవాలు కనిపించదు. అందుచేత గేర్లు ఎన్ని ఎక్కువ ఉంటే బండి అంత మేలైనదని దుకాణాల్లో చెప్పే మాట ఈ ప్రాంతానికి అంతగా వర్తించదు. ఇక్కడ సైకిలును పాడుచేసేవి సముద్రం మీదుగా వీచే ఉప్పుగాలి, తడిసినప్పుడు చక్రానికి చుట్టుకునే నల్లరేగడి బంకమన్ను. వాటికి తోడు రొయ్యల చెరువుల గట్ల మీద రాలిపడే సర్కారు తుమ్మముళ్లు. పరికరాల ఎంపిక వీటిని దృష్టిలో పెట్టుకుని జరగాలే గాని, కొండప్రాంతాల కోసం తయారైన బండిని దాని రూపం చూసి కొనడం వల్ల ప్రయోజనం లేదు.

అలాగని గేర్లు బొత్తిగా అనవసరమని కాదు. ఈ సీమలో ఎక్కవలసిన కొండ ఎదురుగాలి. గాలి కలిగించే నిరోధం వేగం వర్గానికి అనుపాతంగా పెరుగుతుంది కనుక, గంటకు 15 కిలోమీటర్ల వేగంతో పోతున్న మనిషికి అంతే వేగంతో గాలి ఎదురైతే, గాలి వీచనప్పటితో పోలిస్తే అతని మీద పడే తాకిడి నాలుగింతలవుతుంది. మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగాక కోడూరు నుంచి తీరం వైపు వెళ్లేవారికి ఇది అనుభవంలో ఉన్నదే. ఇందుకు వెనుక చక్రానికి ఆరేడు పళ్లచక్రాలున్న ఫ్రీవీలు, ముందు ఒకే పళ్లచక్రం ఉంటే సరిపోతుంది. ముందు కూడా మూడు పళ్లచక్రాలు, వాటిని మార్చే యంత్రాంగం ఉన్న సైకిలులో బురద ఇరుక్కునే చోట్లు, తుప్పు పట్టే తీగలు పెరగడమే మిగులుతుంది.

పాతకాలపు నల్ల సైకిలు ఈ నేలకు ఎంతగా సరిపోయిందో ఈ సందర్భంలో గమనించవలసి ఉంది. మద్రాసులో 1949లో మొదలైన టీఐ సైకిల్స్, లూధియానాలో 1956లో మొదలైన హీరో వంటి సంస్థలు ఇంగ్లీషు నమూనాను అనుసరించి చేసిన ఈ బండికి చైనును కప్పే కవరు, చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య బురద జారిపోయేంత సందు, నిటారుగా కూర్చునే వీలు, పల్లెలోని ఏ మెకానిక్ అయినా విప్పి గ్రీజు పెట్టి బిగించగల బేరింగులు ఉండేవి. డచ్చి దేశంలో ఈనాటికీ నిత్యవాడుకలో ఉన్న సైకిలు దీనికి దగ్గరి చుట్టమే. 1605లో బందరులో వర్తక స్థావరం పెట్టిన డచ్చివారి స్వదేశం కూడా ఎదురుగాలీ ఉప్పుతేమా నిండిన నదీముఖ భూమే కావడం యాదృచ్ఛికమైనా, ఒకే రకమైన నేల ఒకే రకమైన బండిని కోరుకుంటుందని అనుకోవడానికి అది చాలు. ఈ పాత బండిలోని పెద్ద లోపం బ్రేకులు. ఇనుప ఊచలతో పనిచేస్తూ క్రోమియం పూత పూసిన ఉక్కు రిమ్మును ఒరుసుకునే రబ్బరు ముక్కలు, రిమ్ము తడిసినప్పుడు పట్టు చాలావరకు కోల్పోతాయి. అందువల్ల కొత్తగా కొనేవారు రిమ్ములు అల్యూమినియంవి అవునో కాదో ముందుగా చూసుకోవాలి; అల్యూమినియం తడిలోనూ మెరుగైన పట్టునిస్తుంది, ఉక్కులా ఎర్రతుప్పు పట్టదు.

టైరు కొలతల దగ్గర కొనుగోలుదారులు తరచు పొరబడతారు. ఇరవయ్యారు అంగుళాల టైరు అన్న మాటకు ఒకే అర్థం లేదు: టైరు గోడ మీద 50-559 అని అచ్చువేసి ఉంటే వెడల్పు 50 మిల్లీమీటర్లు, టైరు కూర్చునే చోట రిమ్ము వ్యాసం 559 మిల్లీమీటర్లు అని అర్థం; 37-590 అన్నది కూడా ఇరవయ్యారు అంగుళాలదిగానే చలామణీ అయినా, మొదటిదాని రిమ్ముకు అది పట్టదు. పాత నల్ల సైకిలుకు ఉండే ఇరవై ఎనిమిది అంగుళాల చక్రం రిమ్ము వ్యాసం 635 మిల్లీమీటర్లు. కరకట్టల మీద, చెరువుగట్ల మీద తిరిగేవారికి సన్నటి టైరు కంటే 40 నుంచి 50 మిల్లీమీటర్ల వెడల్పున్న టైరు మేలు; దానిలో గాలి టైరు గోడ మీద సూచించిన గరిష్ఠ పరిమితి కన్నా కొంత తక్కువగా ఉంటే గతుకుల తాకిడి చేతులకు తగ్గుతుంది, ఇసుకలో చక్రం కూరుకుపోవడం కూడా తగ్గుతుంది.

ఇనుము తుప్పు పట్టడానికి నీరు, ఆక్సిజన్ చాలు. ఉప్పు ఆ పనిని ఎన్నో రెట్లు తొందర పెడుతుంది. ఉప్పులోని క్లోరైడ్ అయాన్లు లోహం పైన రక్షణగా ఏర్పడే పలచటి పొరను ఛేదిస్తాయి. ఉప్పునీరు విద్యుత్తును బాగా ప్రసరింపజేస్తుంది కనుక తుప్పుకు మూలమైన విద్యుద్రసాయనిక చర్య జోరందుకుంటుంది. పైగా గాలిలో సాపేక్ష తేమ సుమారు 75 శాతం దాటగానే ఉప్పు ఆ తేమను పీల్చుకుని తానే కరిగిపోతుంది కాబట్టి, తీరగ్రామాల్లో వాన చుక్క పడకపోయినా సైకిలు లోహభాగాలు రాత్రంతా తడిలో ఉన్నట్లే లెక్క. రెండు వేర్వేరు లోహాలు ఈ తడిలో ఒకదానినొకటి తాకి ఉన్నచోట వాటిలో రసాయనికంగా చురుకైనది ముందుగా క్షయిస్తుంది. గాల్వానిక్ క్షయం అనే ఈ చర్య వల్లనే ఉక్కు ఫ్రేములో దిగిన అల్యూమినియం సీటు గొట్టం ఒకటి రెండేళ్లలో ఊడిరాకుండా బిగుసుకుపోతుంది. సీటు గొట్టానికీ పెడల్ మరలకూ గ్రీజు పట్టించి, కొన్ని నెలలకొకసారి విప్పి తుడిచి మళ్లీ గ్రీజు పెట్టడమే దీనికి విరుగుడు. ఎడమ పెడలు మర సాధారణ మరలకు వ్యతిరేక దిశలో ఉంటుందని మరచిపోయి దాన్ని విప్పబోయి మరింత బిగించేవారు తక్కువేమీ కాదు.

ప్రయాణం తర్వాత సైకిలును కడగడం మంచిదే, అయితే ఏ నీటితో అన్నది ఇక్కడ ముఖ్యం. తీరానికి దగ్గరలో బోరు నీరు చాలాచోట్ల ఉప్పగా ఉంటుంది. దానితో కడిగి ఆరబెట్టిన సైకిలు మీద నీరు ఆవిరై ఉప్పు మిగులుతుంది. కాలువ నీరో, తాగే నీరో ఒక బకెట్టు తెచ్చి గుడ్డతో తుడవడం అంతకన్నా ఎంతో ఉత్తమం. బలమైన ధారతో హబ్బుల మీద నీళ్లు కొడితే బేరింగుల్లోని గ్రీజు బయటికి, నీరు లోపలికి పోతాయి.

చైను విషయంలో మాత్రం కొంత శ్రద్ధగా ఉండక తప్పదు, ఎందుకంటే ఈ నేలలో అన్నిటికన్నా ముందుగా పోయేది అదే. కిరోసినుతో కడిగి పూర్తిగా ఆరనిచ్చాక, ఒక్కొక్క లింకు కీలు మీద ఒక్కొక్క చుక్క చొప్పున పలచటి యంత్రతైలం వేసి, కొన్ని నిమిషాలు పెడలు తిప్పి, పైన మిగిలిన నూనెను పొడి గుడ్డతో తుడిచివేయాలి. నూనె పనిచేయవలసింది కీళ్ల లోపల గాని పైన కాదు, పైన మిగిలినది దుమ్మునూ ఇసుకనూ పట్టి రుబ్బుడు ముద్దగా మారుతుంది. కొందరు వాడే కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల దిగువన పేరుకుంటుంది గనుక మార్గశిర పుష్య మాసాల ఉదయాల్లో పనికిరాదు. 1953లో అమెరికాలో తయారైన డబ్ల్యూడీ-40 వంటి స్ప్రేలు నీటిని తొలగించడానికి ఉద్దేశించినవి. వాన తర్వాత తడిని వెళ్లగొట్టడానికి అవి ఉపకరిస్తాయి, కానీ వాటి తర్వాత నూనె వేయకపోతే చైను పొడిగానే మిగులుతుంది. చైను అరుగుదలను కొలవడానికి ప్రత్యేక పరికరం అక్కరలేదు. లింకు పొడవు అర అంగుళం కాబట్టి 24 లింకులు సరిగ్గా 12 అంగుళాలు ఉండాలి. స్కేలు పెట్టి కొలిచినప్పుడు అంగుళంలో పదహారో వంతు ఎక్కువ వస్తే చైను మార్చాలి, ఎనిమిదో వంతు వచ్చేదాకా ఊరుకుంటే ఫ్రీవీలు పళ్లు కూడా అరిగిపోయి కొత్త చైను వాటి మీద జారుతుంది.

పంచరు వేసుకోవడం చాలామందికి తెలిసిన పనే. అందులో తప్పిపోయేది ఒక్కటే: ట్యూబు అతికే ముందు టైరు లోపలివైపు వేళ్లతో తడిమి విరిగి మిగిలిన ముల్లును తీయకపోతే, కిలోమీటరు తిరగకముందే అదే చోట మళ్లీ గాలి పోతుంది.

దారి చూపే పరికరాల్లో చవకైనది చక్రానికి అయస్కాంతం కట్టి దూరం లెక్కించే చిన్న మీటరు. అది చక్రం చుట్టుకొలత మీద ఆధారపడుతుంది. పాత ఇరవై ఎనిమిది చక్రానికి అది సుమారు 2.24 మీటర్లు, 50-559 చక్రానికి సుమారు 2.06 మీటర్లు. మొదటి కొలతను రెండో చక్రానికి పెడితే 40 కిలోమీటర్ల ప్రయాణాన్ని 43 కిలోమీటర్లకు పైగా చూపిస్తుంది. మనిషి సీటు మీద కూర్చుని ఉండగా చక్రాన్ని ఒక చుట్టు తిప్పి, నేల మీద గుర్తుల మధ్య దూరం కొలిచి ఆ సంఖ్యను పెట్టడం ఉత్తమ మార్గం.

ఉపగ్రహాల ఆధారంగా పనిచేసే సాధనాల విషయంలో ఒక అపోహ బలంగా ఉంది: మొబైల్ సిగ్నల్ లేకపోతే జీపీఎస్ పనిచేయదన్నది. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే అమెరికా జీపీఎస్ ఉపగ్రహాల నుంచి వచ్చే సంకేతాలు చేరడానికి పట్టిన కాలాన్ని బట్టి, కనీసం నాలుగు ఉపగ్రహాల దూరాలను లెక్కించి, ఫోను గాని సైకిలు నావిగేటరు గాని తన స్థానాన్ని తెలుసుకుంటుంది. ఇందులో మొబైల్ టవరుకు పని లేదు. పౌరులకు అందే సంకేతాన్ని కావాలని మసకబరిచే విధానాన్ని అమెరికా 2000 మే 2న మానుకున్నాక ఈ సాధనాలు సామాన్యులకు బాగా ఉపయోగపడసాగాయి. శ్రీహరికోట నుంచి 2013 జులై 1న తొలి ఉపగ్రహంతో మొదలైన మన నావిక్ వ్యవస్థ, 2023 మే 29న ప్రయోగించిన ఎన్‌వీఎస్-01 నుంచి సాధారణ ఫోన్లు సులువుగా అందుకోగల ఎల్1 పౌనఃపున్యంలోనూ సంకేతాలు పంపుతోంది. చెట్లూ మేడలూ అడ్డులేని డెల్టా ఆకాశం వీటికి అనుకూలమే. సిగ్నల్ అవసరమయ్యేది పటానికి: తెర మీద కనిపించే రోడ్లు ఇంటర్నెట్ ద్వారా వచ్చేవైతే, పాలకాయతిప్ప వైపో నాగాయలంక దిగువ మడ అడవుల వైపో సిగ్నల్ తగ్గగానే తెల్లటి తెర మీద ఒక చుక్క మాత్రమే మిగులుతుంది. అందుకని బయలుదేరే ముందే పటాన్ని ఫోనులోకి దింపుకోవాలి. 2004లో మొదలైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ పటాలను వాడే ఆర్గానిక్ మ్యాప్స్, ఓస్మాండ్ వంటి యాప్‌లు ఇందుకు పనికొస్తాయి.

పటం ఉన్నా డెల్టాలో దాన్ని చదివే పద్ధతి వేరు. కాలువలు, మురుగు డ్రెయిన్లు, నదీపాయలు అడ్డంగా ఉన్న ఈ నేలలో కంటికి కనిపించే ఊరికి పోవడానికి వంతెన ఎక్కడుందో తెలియాలి. ఉల్లిపాలెం, భవానీపురం మధ్య కృష్ణపై వంతెన వచ్చాక బందరు ప్రాంతం నుంచి దివిసీమలోకి దగ్గర దారి ఏర్పడింది. అంతకుముందు తయారైన పటాన్ని నమ్ముకున్నవారు పులిగడ్డ మీదుగా చుట్టూ తిరగవలసి వస్తుంది. బెల్జియంలోని లింబర్గ్ ప్రాంతంలో 1995లో మొదలైన ఒక ఏర్పాటు ఇక్కడ ప్రస్తావించదగినది: గనుల ఇంజనీరు ఒకరి ఆలోచన మేరకు సైకిలు దారుల కూడళ్లన్నిటికీ సంఖ్యలు వేయగా, ప్రయాణికులు తమ దారిలోని సంఖ్యలను వరుసగా చిన్న కాగితం మీద రాసి హ్యాండిలుకు అంటించుకుని వెళ్తారు. డెల్టాలో అలాంటి సంఖ్యలు లేకపోయినా లాకులు, వంతెనలు, రేవుల పేర్లు ఆ పని చేయగలవు. ఊళ్లవారు దారి చెప్పేదీ వాటితోనే. పరికరం చూపిన దారిలోని వంతెనల పేర్లు బయలుదేరే ముందే రాసుకున్నవారికి బ్యాటరీ అయిపోయినా ఇబ్బంది ఉండదు.

ఫోనును హ్యాండిలుకు బిగించేవారు ఎండకు అది వేడెక్కి ఆగిపోవడాన్ని, గతుకుల వల్ల కెమెరా దెబ్బతినడాన్ని గుర్తుంచుకోవాలి. తెలుగులో మలుపులు చెప్పే సదుపాయం ఉన్నప్పుడు ఫోను సంచిలో ఉన్నా మాట వినపడితే చాలు. దూరప్రయాణాలు చేసేవారికి విడి నావిగేటరు ఎక్కువ గంటలు పనిచేస్తుంది, ఎండలోనూ తెర కనిపిస్తుంది. అయితే ఐపీఎక్స్7 అని రాసి ఉన్నంత మాత్రాన ఉప్పునీటికి అది తట్టుకుంటుందని కాదు. ఆ పరీక్ష మంచినీటిలో, ఒక మీటరు లోతున, అరగంట పాటు చేసేది. తీరం నుంచి తిరిగివచ్చాక చార్జింగు రంధ్రం పూర్తిగా ఆరకముందే తీగ పెడితే, విద్యుత్తు ప్రవహిస్తున్న ఉప్పుతేమ అక్కడి లోహపు కొనలను త్వరగా తినేస్తుంది.

హంసలదీవిలో రోడ్డు ముగిసిన తర్వాత సాగరసంగమం వరకు ఇసుక దారి. అక్కడి ఇసుకతిన్నెలూ ఒడ్డూ ఏటేటా మారుతుంటాయి, ఆటుపోట్లను ఏ పటమూ చూపించదు గనుక ఆ భాగంలో తెర మీది గీతను అనుసరించడం కన్నా జాలర్లను అడగడం మంచిది. నాగాయలంక దిగువన ఎదురుమొండి వంటి లంకలకు పోయేవారు మరో సంగతి గమనించాలి: నావిగేటరు రేవు దాటే గీతను కూడా రోడ్డుగానే లెక్కగట్టి, పంటు కోసం వేచి ఉండే సమయాన్ని ప్రయాణకాలంలో కలపకపోవచ్చు, సాయంత్రం చివరి పంటు ఎప్పుడో ఉదయం దాటేటప్పుడే రేవులో కనుక్కోవాలి.