యువతలో ఒంటరితనం - నిద్రలేమి

పిల్లలను దూరప్రాంతంలో చదువుకు చేర్చి, హాస్టలులో విడిచివచ్చిన తల్లిదండ్రులు ఫోనులో మొదట అడిగేది "తిన్నావా?" అని, తరువాత అడిగేది "చదువుతున్నావా?" అని. "రాత్రి నిద్ర పట్టిందా? మనసు విప్పి మాట్లాడుకొనేందుకు తోడెవరైనా ఉన్నారా?" అని అడిగేవారు అరుదు. వందలమంది నడుమ ఉండే విద్యార్థికి ఒంటరితనమేమిటని పెద్దలకు తోచడం సహజమే.

ఏకాంతం వేరు, ఒంటరితనం వేరు. ఏకాంతం మనం కోరుకొనేది. మనం ఆశించిన ఆత్మీయతకూ, లభించిన ఆత్మీయతకూ నడుమ ఏర్పడే వెలితి ఒంటరితనం. అందుచేతనే ఈ విషయంపై డాక్టరేట్ పరిశోధన చేసేవారు స్నేహితుల సంఖ్యను అడిగి ఊరుకోరు. అమెరికాలోని లాస్ ఏంజిలిస్‌లో గల కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో 1978లో రూపొందిన 20 అంశాల ప్రశ్నావళి, తరువాతి సవరణలతో, నేటికీ విరివిగా వాడుకలో ఉంది. వెలితి భావన ఎంత తరచుగా కలుగుతుందో దానిద్వారా అంచనా వేస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో వెలువరించిన నివేదిక ప్రకారం 13 - 29 ఏళ్ల వయసువారిలో 17 నుండి 21 శాతం మంది ఒంటరితనాన్ని అనుభవిస్తున్నారు.

ఏది కారణం? ఏది ఫలితం?

ఒకసారి ప్రశ్నలడిగి సేకరించిన సమాధానాలను బట్టి ఒంటరితనం, క్రమం తప్పిన జీవనం కలిసి ఉన్నాయని మాత్రమే తెలుస్తుంది. ఏది దేనికి మూలమో తేలదు. నిద్రను గూర్చిన రెండు పరిశోధనలు ఈ చిక్కును కొంత విప్పుతాయి. జాన్ కాసియోపో బృందం 2002లో ప్రచురించిన అధ్యయనంలో, ఒంటరితనం బాధించే విద్యార్థులు పడుకొన్న సమయం తక్కువేమీ కాకపోయినా, నడుమ మెలకువలు ఎక్కువై, వారి నిద్ర నాణ్యత తగ్గినట్లు తేలింది. బర్కిలీ శాస్త్రజ్ఞులు 2018లో వెల్లడించిన ప్రయోగం దీనికి మరొక వైపు చూపింది. ఎదుటి మనిషి తమవైపు నడచి వస్తుండగా "ఇక చాలు, ఆగండి" అని యువతీయువకులు చెప్పాలి. రాత్రంతా మేలుకొన్న మరునాడు వారు ఆ మనిషిని మరింత దూరంలోనే ఆపివేశారు. అనగా ఒంటరితనం నిద్రను చెరుపుతుంది. నిద్రలేమి మనిషిని మనుషులకు దూరం చేస్తుంది. ఇది ఒక విషవలయం.

ఆయుర్వేద దృష్టి

శరీరమనే ఇంటిని నిలిపే మూడు ఉపస్తంభాలు ఆహారం, నిద్ర, బ్రహ్మచర్యం అని చరకసంహిత చెబుతోంది. రాత్రి జాగరణ దేహంలో రూక్షత్వాన్ని పెంచుతుందనీ, రోగాన్ని వృద్ధిచేసే వాటిలో విషాదం ప్రధానమనీ ఆ గ్రంథమే హెచ్చరించింది. వలయాన్ని ఎక్కడో ఒకచోట తెంచాలి. మనసును ఆజ్ఞాపించడం కంటే దినచర్యను దిద్దుకోవడం సులువు.

ఆచరించదగినవి

* రోజూ ఒకే వేళకు నిద్రలేవాలి. పగటినిద్ర మానాలి.
* రోజుకు ఒక్కపూటైనా మరొకరితో కలిసి కూర్చుని, ఫోను పక్కన పెట్టి భోజనం చేయాలి.
* పడుకొనే ముందు గోరువెచ్చని పాలు త్రాగవచ్చు.
* పాదాలకు నువ్వులనూనె మర్దన చేసుకోవచ్చు. తలకు, చెవులకు, పాదాలకు అభ్యంగం విశేషంగా చేయాలని వాగ్భటుడు చెప్పాడు. కఫం, అజీర్ణం ఉన్నప్పుడు మాత్రం కూడదు.
* పడకవద్ద ఫోను ఉంచుకోరాదు.

ఇవి దినచర్యకు తోడ్పడేవే కాని చికిత్సకు బదులు కావు. దిగులు రెండు వారాలకు మించి వీడకపోయినా, చదువు, తిండి, నిద్ర దెబ్బతిన్నా వైద్యుని సంప్రదించాలి. చనిపోవాలన్న తలంపు కలిగితే ఒక్కరోజు కూడా ఆలస్యం చేయరాదు. 2022లో ప్రారంభమైన టెలి-మానస్ సేవకు 14416 నంబరుపై ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఈ రాత్రి మీ బిడ్డతో ఫోనులో మాట్లాడేటప్పుడు మార్కుల ప్రస్తావనకు ముందు నిద్రను గురించి అడగండి. జవాబు పూర్తయ్యేవరకు వినండి.