పాత పెట్టెలో కొత్త పోరు

క్యాప్‌కామ్ సంస్థ 1996లో 'స్ట్రీట్ ఫైటర్ ఆల్ఫా 2'ని ఆర్కేడ్ యంత్రాల్లోకి తెచ్చింది. వాటిలో ఉన్నది సీపీఎస్-2 బోర్డు, దాని ప్రాసెసర్ వేగం 16 మెగాహెర్ట్జ్. అదే ఏడాది చివర్లో ఆ ఆట సూపర్ నింటెండోకీ వచ్చింది. అది 1990 నాటి యంత్రం, దాని గరిష్ఠ వేగం 3.58 మెగాహెర్ట్జ్. అప్పటికే దానికంటే బలమైన ప్లేస్టేషన్, శాటర్న్ మార్కెట్లో ఉన్నాయి. ఆ సమయంలో ఇలాంటి పనికి పూనుకోవడమే సాహసం.

వేగం కంటే పెద్ద చిక్కు బొమ్మలతో వచ్చింది. ఆటలో 18 మంది యోధులున్నారు. ఒక్కొక్కరి దెబ్బకీ, దూకుకీ, పడిపోవడానికీ వరుసగా చేత్తో గీసిన చిత్రాలుండాలి. కార్ట్రిడ్జ్‌లో ఉన్న చోటు 32 మెగాబిట్లు, అంటే 4 మెగాబైట్లు. నేటి ఫోన్‌తో తీసే ఒక్క ఫోటోకే అంత చోటు పట్టవచ్చు.

అందుకే కార్ట్రిడ్జ్‌లోనే ఎస్-డీడీ1 అనే చిప్ పెట్టారు. బొమ్మల్ని ముందే కుదించి దాచారు, అవి యంత్రంలోని చిత్ర మెమరీకి చేరే దారిలోనే ఈ చిప్ వాటిని విప్పుతుంది. ప్రాసెసర్‌కు ఆ భారం ఉండదు, చిత్రంలో ఒక్క చుక్కా పోదు. దీని గుట్టు ఎంత గట్టిదంటే, పాత ఆటల్ని కంప్యూటర్‌లో ఆడించే తొలినాళ్ల ఎమ్యులేటర్లు ఆ కుదింపును విప్పలేకపోయాయి. ముందే విప్పిన బొమ్మల ఫైళ్లను విడిగా జతచేస్తేనే వాటిలో ఆట నడిచేది. ఆ కుదింపు పద్ధతిని అభిమానులు చివరికి ఛేదించారు.

ఇంత చేసినా ఒక లోపం మిగిలింది. రౌండ్ మొదలయ్యే ముందు తెర బిగుసుకుపోతుంది. ఆ నింద చాలాకాలం చిప్ మీదే పడింది. అసలు కారణం శబ్దం. సూపర్ నింటెండోలో ధ్వని విభాగం వేరే చిన్న కంప్యూటర్ లాంటిది. సోనీ తయారుచేసిన ఎస్‌పీసీ700 దాని ప్రాసెసర్, సొంత మెమరీ 64 కిలోబైట్లు. ప్రధాన ప్రాసెసర్‌కూ దానికీ మధ్య ఉన్న దారి, ఒక్కొక్కటి ఒక్క బైటు పట్టే నాలుగు పోర్టులు మాత్రమే. యోధుల అరుపులు, దెబ్బల చప్పుళ్లు ఆ సన్నని దారిలో విడతలు విడతలుగా పోవాలి. అవతలి వైపు 'అందింది' అన్నాకే తర్వాతి విడత కదులుతుంది. ఆ బదిలీ ముగిసేదాకా ఆట ఆగుతుంది. ఎన్నో ఏళ్ల తర్వాత అభిమానులు ఆ భాగాన్ని తిరగరాసి ఆ ఆగుడును తప్పించారు. యంత్రం చేయగలిగిన పనే అది, రాసిన తీరులోనే లోపం ఉందన్నమాట.

రంగులు, కదలికలు, శబ్దాల నాణ్యత తగ్గాయి, నిజమే. కానీ 18 మంది యోధులూ ఉన్నారు, దెబ్బల వరుసను ఆటగాడే కూర్చుకునే, ఆ ఆటకు ప్రత్యేకమైన కస్టమ్ కాంబో కూడా ఉంది. ప్లేస్టేషన్ రూపంతో పోల్చి దీన్ని తీసిపారేయడం అన్యాయం. ఇంజనీరింగ్ లెక్కన, ఆ తరం ఆటల్లో నేను ముందు వరసలో నిలబెట్టేది దీన్నే.